అర సెకను ఆలస్యం

మాట వచ్చిన మొదటి రోజే రిజ్వానా వాళ్లమ్మతో పోట్లాడింది.

అప్పటికి ఆ పిల్లకు పద్నాలుగేళ్లు. పుట్టేటప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందక ఒళ్లు స్వాధీనం తప్పింది. చెయ్యి ఎత్తాలనుకుంటే కాలు లేస్తుంది. కుడివైపు చూడాలనుకుంటే మెడ ఎడమవైపు తిరిగిపోతుంది. గొంతులోంచి శబ్దాలు వస్తాయి కానీ అవి మాటలు కావు. మార్కాపురంలో పరుపులు కుట్టే సిలార్, అతని భార్య జాన్‌బీ తమ ఒక్కగానొక్క కూతుర్ని ఒంగోలు నుంచి మద్రాసు దాకా ఆస్పత్రులన్నీ తిప్పారు. పిల్లకు మన మాటలు అర్థమవుతాయా అని అడిగితే ఒక డాక్టరు అవుతాయన్నాడు, ఇంకొకాయన చెప్పలేమన్నాడు. కళ్ల కదలికతో అక్షరాలు ఎంచుకునే యంత్రం కూడా పెట్టి చూశారు. ఆ కళ్లు ఒకచోట నిలిస్తే కదా.

ఆ రోజు మధ్యాహ్నం జాన్‌బీ ఎప్పటిలాగే పెరుగన్నం కలిపి తెచ్చింది. ముందుగదిలో దూది బస్తాల పక్కన, చక్రాల కుర్చీలో రిజ్వానా ఉంది. ఎదురుగా చాప మీద గుంటూరు నుంచి వచ్చిన ఇంజనీరు హిమజ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రిజ్వానా దవడ కింద చర్మం లోపల నాలుగు పలుచటి రేకులు అమర్చి అప్పటికి ఐదు నెలలైంది. ఐదు నెలలుగా ఏ మాటా రాలేదు. జాన్‌బీ ముద్ద నోటి దగ్గర పెట్టింది. పిల్ల గుండెల మీద వేలాడుతున్న ఫోనులోంచి ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది.

"వొద్దు."

జాన్‌బీ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది, ఎవరో వచ్చారనుకుని.

"పెరుగన్నం వొద్దు. నాకిష్టం లేదు. ఎప్పుడూ లేదు."

"నవ్వుకుంటా తినేదానివి గదే!"

"అది నవ్వు కాదు. మొహం దానంతటదే అట్టా అయిపోద్ది."

జాన్‌బీ కంచంతో సహా నేల మీద కూలబడింది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంకా ఏమేం ఇష్టం లేదే నీకు?" అని అడిగింది. రిజ్వానా అరగంట సేపు చెబుతూనే ఉంది. కబురందుకుని అంగట్లోంచి పరిగెత్తుకొచ్చిన సిలార్ చేతినిండా దూదితో గుమ్మంలో నిలబడి ఆ జాబితా అంతా విన్నాడు. అందులో అతను రోజూ పొద్దున్నే పాడే పాట కూడా ఉంది.

ఆ సేవ పేరు గొంతుక. 'పిలుపు' అనే చిన్న మొబైల్ కంపెనీ దాన్ని నడిపేది. కోస్తా జిల్లాల్లో, పల్నాడులో మాత్రమే టవర్లున్న కంపెనీ అది. దాని పరిశోధనశాలలో హిమజ తొమ్మిదేళ్లు కష్టపడి ఆ పరికరం చేసింది. మాట్లాడాలనుకున్నప్పుడు గొంతు నరాల్లో పుట్టే వణుకును రేకులు పట్టుకుంటాయి. మెడ దగ్గరి బిళ్ల దాన్ని టవరుకు పంపుతుంది. టవరు కింది గదిలో ఉన్న కంప్యూటరు ఆ వణుకును మాటగా మార్చి తిరిగి ఫోనుకు పంపుతుంది. అంతా కనురెప్ప పాటు కన్నా తక్కువ సమయంలో.

"అంటే నా బిడ్డ గొంతు తర్లుపాడు రోడ్డు టవర్లో ఉంటదా?" అని అడిగాడు సిలార్.

"అక్కడే ఉండాలి. దూరం పెరిగితే ఆలస్యమవుతుంది. మీరెప్పుడైనా ఫోనులో మాట్లాడేటప్పుడు మీ గొంతు మీకే కొంచెం ఆగి వినిపించిందా?"

"దుబాయ్ నుంచి మా తమ్ముడు చేసినప్పుడు అట్టాగే అయ్యేది. నోట్లో మాట నోట్లోనే ఇరుక్కుపోయేది."

"అదే. మనకే అలా ఉంటే రిజ్వానాకు ఇంకా కష్టం. తన గొంతు తనకు వెంటనే వినిపిస్తేనే నరాలు దారిలో ఉంటాయి."

తర్వాతి ఆరేళ్లలో రిజ్వానా ఇంటరు పరీక్షలు నోటితో చెప్పి వేరేవాళ్లతో రాయించింది. పరుపుల అంగడి ఫోను ఎత్తడం ఆమె పనైపోయింది. ఫోనంటే ఆమెకు ప్రాణం. అవతలివాళ్లకు కుర్చీ కనపడదు, వంకరపోయే చేతులు కనపడవు, మాటలే వినపడతాయి. గిద్దలూరులో లాడ్జి నడిపే ఒకాయన ఇరవై పరుపులకు ఫోనులో బేరమాడి ఓడిపోయి, ఈ మాటకారి ఎవరో చూద్దామని స్వయంగా వచ్చాడు. కుర్చీలో ఉన్న మనిషిని చూసి మాట రాక నిలబడిపోయాడు.

"కూర్చోండి సార్," అంది రిజ్వానా. "దిళ్ల సంగతి ఇంకా తేలలేదు."

ఆమెకు ఇరవై ఏళ్లు నిండిన ఏడాది, 'పిలుపు'ను 'దిగంత్' అనే పెద్ద కంపెనీ కలిపేసుకుంది.

గుంటూరు పరిశోధనశాలలో ఆ వార్త విని మొదట అందరూ సంతోషించారు. దేశమంతటా టవర్లున్న కంపెనీ. గొంతుక ఇక కోస్తా దాటి అనంతపురం దాకా వెళుతుందని హిమజ అనుకుంది. నెల తర్వాత దిగంత్ నుంచి పునీత్ అనే అధికారి వచ్చి కొత్త పటం తెర మీద వేశాడు. ఒకే ఊళ్లో రెండు కంపెనీల టవర్లు అక్కర్లేదు కాబట్టి పిలుపు టవర్లు తీసేస్తారు. టవర్ల కింద కంప్యూటర్లు కూడా ఉండవు. లెక్కలన్నీ హైదరాబాదు బయట ఒకే కేంద్రంలో జరుగుతాయి.

"గొంతుకకు ఆలస్యం ఎంత వస్తుంది?" అని అడిగింది హిమజ.

"అర సెకను లోపే మేడమ్. సినిమా చూసేవాడికి తెలియను కూడా తెలియదు."

"వీళ్లు సినిమా చూడటం లేదండీ, మాట్లాడుతున్నారు."

పునీత్ మంచిగానే చెప్పాడు. గొంతుక వాడేవాళ్లు రెండు వందల పదమూడు మంది. పిలుపు కస్టమర్లు తొంభై లక్షలు. సేవను పూర్తిగా ఆపేయాలని పైవాళ్లలో కొందరు అంటున్నారని, పనిచేస్తుందని ఆమె రాసిస్తే కాపాడగలనని అన్నాడు. విలీనం తేదీ మాత్రం జరపలేనన్నాడు.

వాడుకదారుల మీదే పరీక్షించాలంటే అనుమతులకే రెండు నెలలు పడుతుంది. హిమజ తన సహోద్యోగులు ఆరుగురి మెడలకు పైపైన రేకులు అంటించి, అర సెకను ఆలస్యంతో మాట్లాడించింది. పొద్దున తడబడ్డారు. సాయంత్రానికి అలవాటుపడి జోకులు వేసుకున్నారు. వాళ్ల ఒళ్లు వాళ్ల స్వాధీనంలో ఉంది, రిజ్వానా లాంటివాళ్లకు లేదు. ఆ తేడా హిమజకు తెలుసు. తెలిసీ, అడ్డం తిరిగితే మొత్తం సేవే పోతుందన్న భయంతో కాగితం మీద రాసింది: కొద్దిరోజుల అసౌకర్యం తర్వాత సర్దుకుంటారు. కింద సంతకం పెట్టింది.

సిలార్ ఫోనుకు సందేశం వచ్చింది. ప్రియమైన కస్టమర్, మీరిప్పుడు దిగంత్ కుటుంబ సభ్యులు. మీ నంబరు మారదు. మీ సేవలకు ఎలాంటి అంతరాయమూ ఉండదు. సిలార్ దాన్ని పైకి చదివాడు.

"మంచిదే గదా నాన్నా," అంది రిజ్వానా. "మన అంగడి నంబరు బోర్డు మీద కొత్తగా రాయించే పని లేదు."

మార్పు జరిగింది ఒక మంగళవారం పొద్దున. రిజ్వానా అప్పుడు ఫోనులో కంభం నుంచి ఒకావిడకు మంచం కొలతలు చెబుతోంది. "నాలుగడుగుల మంచానికి" అంటూ ఉండగా గొంతు ఆగింది. మళ్లీ "నాలుగ" అంది. తన మాట తనకు వెనకనుంచి వచ్చి తగిలినట్టయింది. "నాలు... నాలు... నా..." మెడ వెనక్కి విరుచుకుపోయింది. దవడ బిగుసుకుంది. కాళ్లు రెండూ కుర్చీ పలకను తన్నడం మొదలుపెట్టాయి. ఫోనులోంచి మాటల ముక్కలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

జాన్‌బీ మూర్ఛ అనుకుని తాళంచెవి చేతిలో పెట్టింది. సిలార్ ఫోను కట్టేశాడు. పావుగంటకు పిల్ల ఒళ్లు సడలింది. మళ్లీ ఫోను తెరిస్తే మళ్లీ అదే.

అతను లుంగీ మీదే కంపెనీ అంగడికి పరిగెత్తాడు. బోర్డు రంగు అప్పటికే మారిపోయింది. కౌంటర్లో అమ్మాయి అతని ఫోను తీసుకుని, చూసి, తిరిగిచ్చింది.

"సర్వీసు ఆన్‌లోనే ఉంది బాబాయ్. సిగ్నల్ కూడా ముందుకంటే ఎక్కువ చూపిస్తాంది."

"సిగ్నల్ సంగతి కాదమ్మా. నా బిడ్డకు మాట రావట్లా."

"అవతల వాళ్లకు వినపడట్లేదా?"

"బిడ్డకు మాట రావట్లా," అన్నాడు సిలార్ మళ్లీ. ఇంకెలా చెప్పాలో అతనికి తెలియలేదు. ఆ అమ్మాయి ఫిర్యాదు నంబరు ఒకటి కాగితం మీద రాసిచ్చింది.

గుంటూరులో హిమజ తెర మీద రెండు వందల పదమూడు గీతలు కదులుతుండేవి. ఒక్కో గీత ఒక్కో మనిషి మాట. మధ్యాహ్నానికి వాటిలో సగం చదునైపోయాయి. సాయంత్రానికి పంతొమ్మిది మిగిలాయి. మార్కాపురం గీత పొద్దున తొమ్మిదీ నలభైకే ఆగిపోయి ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆమె బయలుదేరి మార్కాపురం వెళ్లింది. వెళ్లగానే ఒక ఉపాయం ప్రయత్నించింది. ఆలస్యంగా వచ్చే తన గొంతు వినపడటమే కష్టమైతే, వినపడకుండా చేస్తే? రిజ్వానా చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి వాటిలో గాలి హోరు వినిపించింది. ఫోను తెరిచింది.

"అమ్మా," అంది రిజ్వానా గొంతు. "వినపడతందా? నాకేం వినపట్లా."

జాన్‌బీ కూతురి మోకాళ్లు పట్టుకుని ఏడ్చింది. సిలార్ అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో, వినపడుతోంది తల్లీ, అని రాసి ఆమె కళ్లు తిరిగే వైపల్లా తిప్పుతూ చూపించాడు.

హిమజ మాత్రం ల్యాప్‌టాప్‌లో మూలనున్న అంకె చూస్తోంది. రిజ్వానా నరాలు చెప్పేదానికీ యంత్రం వినేదానికీ ఎంత పొత్తు కుదిరిందో చెప్పే అంకె అది. ఆరేళ్లుగా తొంభై ఆరు దగ్గర ఉండేది. మొదటి రోజు తొంభై నాలుగు. రెండో రోజు తొంభై. మూడో రోజు ఎనభై మూడు. ఆమెకు విషయం అర్థమైంది. గొంతు, యంత్రం ఇన్నేళ్లూ ఒకదానికొకటి నేర్పుకుంటూ వచ్చాయి. రిజ్వానా తన మాట విని గొంతు సరిచేసుకునేది. ఇప్పుడు చెవులు మూశారు. చెవులు మూసుకుని పాడేవాడి శ్రుతిలా ఆమె గొంతు రోజురోజుకూ పక్కకు జరిగిపోతోంది. ఇంకో పది రోజుల్లో యంత్రానికి అందనంత దూరం వెళ్లిపోతుంది.

ఆమె అంగడి బయట నిలబడి పునీత్‌కు ఫోను చేసింది.

"మార్కాపురం టవరు కంప్యూటరు ఒక్కటి మళ్లీ పెట్టించండి. ఒక్కటి చాలు."

"అది నిన్ననే విప్పేశారు మేడమ్. సామాను లారీలో ఎక్కించేశారు."

"పోనీ ఆమె గొంతు గురించి యంత్రం నేర్చుకున్న లెక్కలు నాకివ్వండి. చిన్న పెట్టెలో వేసి ఇంట్లోనే పెడతాను. టవరుతో పనే ఉండదు."

"అవి విలీనంలో వచ్చిన కంపెనీ ఆస్తి కదా మేడమ్. బయటకివ్వాలంటే లీగల్ వాళ్లు చూడాలి. ఆర్నెల్లు పడుతుంది."

"ఆర్నెల్లకు ఆ లెక్కలతో పనుండదండీ. ఆ గొంతే అక్కడ ఉండదు."

"మీ నివేదికలో సర్దుకుంటారని రాశారు కదా," అన్నాడు పునీత్. తప్పు పడుతున్నట్టు కాదు. అర్థంకాక అడిగినట్టు.

హిమజ లోపలికి వచ్చింది. తెల్లకాగితం మీద రాసింది. రాయడానికి చాలాసేపు పట్టింది. రిజ్వానా ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆమె చూపు తగిలే దాకా ఆ కాగితం పట్టుకుంది: ఈ మార్పుకు ఒప్పుకుంటూ సంతకం పెట్టింది నేనే. నీకు ఇబ్బంది అవుతుందేమోనని అనుమానం ఉండి కూడా పెట్టాను. ఇంకో పది రోజుల్లో నీ మాట పోతుంది.

రిజ్వానా తల పక్కకు పడి మళ్లీ వచ్చింది. చదివిందని ఎవరికీ తెలియలేదు, మాట వచ్చేదాకా.

"నన్నడిగావా అక్కా?"

హిమజ తల అడ్డంగా ఊపింది.

"నాకు ఫోనుంది గదా. పొద్దుగూకులూ ఫోనులోనే ఉంటా. ఒక్కసారి చేసి, రిజ్వానా, ఇట్టా చేయబోతన్నాం, నువ్వు తట్టుకుంటావా అని అడిగితే చెప్పేదాన్ని గదా. ఎవురూ నన్నడగరు. నాకు నోరొచ్చాక కూడా అడగలా."

హిమజ, క్షమించు, అని రాసింది.

"ఇప్పుడు కాదు," అంది రిజ్వానా. "నాకు మాటలు తక్కువున్నాయి. వేరే పనికి కావాలి."

ఆ వేరే పని మర్నాడు పొద్దున మొదలైంది. సిలార్ స్కూలు నోటుపుస్తకం కొనుక్కొచ్చి పక్కన కూర్చున్నాడు. ఇక తాను మాట్లాడలేని రోజులకు అమ్మానాన్నలకు తెలియాల్సినవన్నీ రిజ్వానా చెప్పింది, అతను రాసుకున్నాడు.

ఎడమవైపు పడుకోబెడితే తుంటి నొప్పి. కుడివైపే పడుకోబెట్టాలి. అరిస్తే ప్రతిసారీ నొప్పని కాదు, ఒక్కోసారి ఉత్త విసుగు. టీవీ సీరియళ్లు వద్దు, క్రికెట్ పెట్టండి. నా ముందు నా గురించి చుట్టాలతో చెప్పుకోవద్దు. నాకు వినపడతది, నాకు అర్థమైతది, అప్పుడూ అయ్యేది. నెలసరి గుడ్డలు అమ్మే మార్చాలి, ఇంకెవరూ వద్దు. నన్ను రోజూ అంగట్లోకి తీసకపోండి, మాట్టాడకపోయినా అక్కడే కూర్చుంటా.

"ఇంకా?" అని రాసి చూపించేవాడు సిలార్.

"అమ్మకు మోకాళ్లు నొప్పులు. నీకు చెప్పట్లా. నన్నెత్తేటప్పుడు మూలుగుద్ది. నువ్వు ఎత్తు."

జాన్‌బీ ఆ మాటకు లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఎనిమిదో రోజుకు అంకె యాభైకి దిగింది. మాటలు తప్పుడుగా రావడం మొదలైంది. నీళ్లు అడిగితే యంత్రం నేల అనేది. అమ్మా అనబోతే ఆవిరి అనేది. తప్పు వచ్చిందని తనకు వినపడదు కాబట్టి రిజ్వానా చెప్పుకుంటూనే పోయేది. వాళ్లు ఆ మాటల వెనక ఏముందో వెతుక్కునేవాళ్లు. పదో రోజున సిలార్‌తో చాలాసేపు మాట్లాడింది. అందులో ఒక్క వాక్యం కూడా అతనికి తెలియలేదు. అయినా మధ్యలో ఆపలేదు. అట్టముక్క మీద, వింటున్నా తల్లీ, అని రాసి పట్టుకుని చేతులు లాగేదాకా కూర్చున్నాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఫోను ఒక్క మాట స్పష్టంగా పలికింది.

"తలుపు."

జాన్‌బీ వెళ్లి వీధి తలుపు తీసింది. కూతురి మొహం చూసింది. ఏమీ తెలియలేదు. తలుపు వేసింది. సిలార్ పెరటి తలుపు తీశాడు. ఇన్నాళ్లూ అక్కడే ఉండిపోయిన హిమజ లేచి బీరువా తలుపు కూడా తెరిచింది. ఏ తలుపు తీసినా ఆ పిల్ల తల అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంది. అసలు ఆమె అన్నది తలుపో, యంత్రం తలుపుగా విన్న ఇంకేదో. ఆ తర్వాత ఫోనులోంచి గరగర తప్ప ఏమీ రాలేదు. సాయంత్రం హిమజ ఆమె చెవుల నుంచి హెడ్‌ఫోన్లు తీసి, పన్నెండు రోజులుగా ఒరుసుకుని ఎర్రబడ్డ చోట కొబ్బరినూనె రాసింది.

దిగంత్ కంపెనీ నుంచి వారం తర్వాత ఉత్తరం వచ్చింది. జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామనీ, రెండేళ్ల పాటు డేటా ఉచితమనీ అందులో ఉంది. అంగడి ఫోను మోగుతూనే ఉంది. ఎత్తేది ఇప్పుడు సిలార్. రిజ్వానా లేదా అని అడిగేవాళ్లకు, ఉంది, ఇక్కడే ఉంది, అని చెబుతాడు. కుర్చీ అతని పక్కనే ఉంటుంది. కొందరు, అయితే ఒకసారి ఇవ్వండి, అంటారు. అప్పుడతను ఫోను కూతురి చెవి దగ్గర పెడతాడు. అవతలివాళ్లు ఏదో ఒకటి మాట్లాడతారు.

హిమజ ఉద్యోగం మానేసింది. గుంటూరులో ఒక ఇంజనీరింగు కాలేజీలో చిన్న గది దొరికింది. కంపెనీ లెక్కలేవీ లేకుండా, మొదటి నుంచీ మొదలుపెట్టి, ఎనిమిది నెలల్లో ఒక పెట్టె తయారుచేసింది. టవరు అక్కర్లేదు, కంపెనీ అక్కర్లేదు, మంచం పక్కన పెట్టుకుంటే చాలు. కానీ మెడలో పాత రేకుల కాలం తీరిపోయింది. మళ్లీ ఆపరేషను చేయాలి. యంత్రం మొదటి నుంచీ నేర్చుకోవాలి. రెండేళ్లు పట్టవచ్చు, ఆరేళ్లు పట్టవచ్చు. ఇరవై దాటిన గొంతు పద్నాలుగేళ్ల గొంతంత తొందరగా లొంగకపోవచ్చు. అసలు రాకపోవచ్చు కూడా.

ఆమె ఆ పెట్టెతో, ఆపరేషను కాగితాలతో మార్కాపురం వచ్చింది. సిలార్‌కు, జాన్‌బీకి అంతా విడమరిచి చెప్పింది. తర్వాత కుర్చీ ముందు కూర్చుని అదంతా రిజ్వానాకు మళ్లీ మొదటి నుంచీ చెప్పింది. నొప్పి గురించి చెప్పింది. రాకపోవడం గురించి కూడా దాచకుండా చెప్పింది.

"చేయించుకుంటావా రిజ్వానా?"

రిజ్వానా మెడ ఎడమవైపు విసురుగా తిరిగింది. చేతులు గాల్లోకి లేచాయి. నోరు తెరుచుకుంది. మొహం నవ్వులా విచ్చుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"కావాలంటంది," అన్నాడు సిలార్.

"వొద్దంటంది," అంది జాన్‌బీ. "మళ్లీ వచ్చి మళ్లీ పోతే అది బతకదు. వొద్దంటంది."

ఇద్దరూ హిమజ వైపు చూశారు. ఆ గొంతును అందరికంటే ఎక్కువ చదివిన మనిషి ఆమే. హిమజ చాలాసేపు ఆ మొహంలోకి చూసింది. తొమ్మిదేళ్ల పరిశోధనలో గాని, ఆరేళ్ల గీతల్లో గాని ఆ నవ్వుకు అర్థం చెప్పే అంకె ఏదీ లేదు.

"సంతకం పెడితే చాలు గదమ్మా. తండ్రిని నేను పెడతా," అన్నాడు సిలార్.

"వద్దు సిలార్ గారూ. ఆమె చెప్పాలి."

"ఎట్టా చెప్పుద్దమ్మా?"

హిమజ కాగితాలు నోటుపుస్తకంలో పెట్టి అక్కడే వదిలి గుంటూరు వెళ్లిపోయింది.

అప్పటి నుంచి సిలార్ రోజూ పొద్దున్నే అంగడి తెరవక ముందు కూతురి ఎదురుగా కూర్చుని అడుగుతాడు. ఒకరోజు ఆమె నిశ్శబ్దంగా ఉంటుంది. ఒకరోజు అరుస్తుంది. ఒకరోజు చెయ్యి వచ్చి అతని చెంప మీద పడుతుంది. అతను ఆ రోజు ఏం జరిగిందో తేదీ వేసి రాసుకుంటాడు.

ఆదివారం ఆదివారం హిమజ ఫోను చేస్తుంది.

"ఏమంది సిలార్ గారూ?"

"ఇంకా ఏం చెప్పలేదమ్మా. అడగతానే ఉన్నాం."